ఆధారం జతచేయండి

ఆరు కోణాల బొమ్మలు పంచడం నా ఉద్యోగం.
కాలేజీ రెండో అంతస్తు,
కిటికీ అవతల గడ్డకట్టిన నది, తెర మీద జనం.
ఫోర్క్‌లిఫ్ట్ నేర్చినవాళ్ళు, పట్టికలు నింపడం నేర్చినవాళ్ళు,
మనిషికి ఆరు నిమిషాలు.
ఫొటో ఉందా, వీడియో ఉందా, లింకు తెరుచుకుంటుందా,
ఉంటే ఆకుపచ్చ మీట.
ఎక్కడో ఒకరి పేరు పక్కన
గోరంత బిళ్ళ మొలుస్తుంది.

మొన్న నూత్తి అనే కుర్రాడు
పాఠాలన్నీ రెండింతల వేగంతో పరిగెత్తించి
వారంలో పద్నాలుగు బిళ్ళలు కొట్టేశాడు.
జట్టుగా పనిచేయడం అన్నదైతే
ఒంటరిగా, రాత్రి రెండింటికి.

మిల్లు మూసేశాక ఊరంతా నా తెర మీదికే వచ్చింది.
ముప్పై ఏళ్ళు కాగితం చేసినవాళ్ళకి
కాగితం మీద ఏమీ లేదని
ఉపాధి ఆఫీసువాళ్ళు చెప్పారట.

టెర్హి కువొప్పాల, అరవై ఒకటి.
కోరిన బిళ్ళ: యంత్రాల స్థితి పరిశీలన, రెండో స్థాయి.
ఆధారం అన్న గడిలో ఒకే ముక్క.
"వింటాను."

తిప్పి పంపాను.
ఆ వాక్యం నేను కూర్చింది కాదు,
మీట నొక్కితే దానంతటదే వెళుతుంది:
దయచేసి మీ నైపుణ్యానికి ఆధారం జతచేయండి.

రెండోసారి ఫొటో.
అరచేతిలో ఇత్తడి బిళ్ళ, 417.
షిఫ్టు ఎక్కుతూ మేకుకి తగిలించేది,
దిగుతూ తీసుకునేది.
గుండ్రంగా ఉండాల్సిన కన్నం
మేకు రాపిడికి కోలగా సాగిపోయింది.
చూస్తూ కూర్చున్నాను,
నాకున్న ఆరు నిమిషాల్లో రెండు.
కానీ హాజరు నైపుణ్యం కాదు కదా.
తిప్పి పంపాను.

మూడోసారి శబ్దం.
నాలుగు నిమిషాల పదకొండు సెకన్ల హోరు.
ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను,
మొహమాటానికి ఇంకోసారి విన్నాను.
తలుపు సందులోంచి దూరే గాలికీ దానికీ
నాకు తేడా తెలియలేదు.
కింద రాసింది:
"మీ భవనంలోదే. కంప్యూటరు క్లాసు అయ్యాక
మెట్ల దగ్గర ఆగి రికార్డు చేశాను.
వేడిగాలి ఫ్యాను, ఎడమ బేరింగు.
రెండో నిమిషం దాటాక విను,
గొంతులో నలక పడ్డట్టు ఒక గీర.
పది రోజులు. మహా అయితే పన్నెండు."

ఏ గడిలో పెట్టాలో తెలియక
పెండింగులో ఉంచాను.

పదకొండో రోజు, బయట మైనస్ ఇరవై ఏడు,
పొద్దున తొమ్మిదింటికి
భవనం మాట పడిపోయింది.
ఇన్నేళ్ళూ అది ఏదో అంటూనే ఉందని
ఆగాకే తెలిసింది నాకు.
కోటు విప్పకుండా, వేళ్ళ మీద ఊదుకుంటూ
ఆమె దరఖాస్తు తెరిచాను.
ఆకుపచ్చ మీట.
పరిశీలకుడి వ్యాఖ్య అని ఒక గడి,
ఖాళీగా వదిలితే ముందుకు కదలనివ్వదు.
ఇరవై పదాలు రాశాను, చెరిపాను.
చివరికి
"విన్నది" అని పెట్టాను.

సాయంత్రానికి జవాబు.
బిళ్ళ ఊసే లేదు,
తెరిచి చూసినట్టు కూడా లేదు.
"కుడి బేరింగు కూడా మార్చమను.
రెండూ ఒకే రోజు బిగించినవి.
పనిలో పని, మెట్ల కింద తలుపు
మడత బందుకి కాస్త గ్రీజు."

ఉపాధి ఆఫీసు తెర
ఇప్పుడామెకి మూడు ఉద్యోగాలు చూపిస్తోంది.
రెండు, నాలుగు వందల కిలోమీటర్ల అవతల.
మూడోది ఫోర్క్‌లిఫ్ట్.
వెళుతుందో లేదో నాకు తెలియదు,
ఆ గడి నా తెర మీద లేదు.

రాత్రిళ్ళు వంటింట్లో దీపం ఆర్పేసి
ఫ్రిజ్ పక్కన చెవి ఒగ్గి నిలబడుతున్నాను.
మా ఆవిడ ఏమిటని అడగడం మానేసింది.
హోరు, అంతే.
మొదటి స్థాయికి కూడా
నా దగ్గర ఆధారం లేదు.